మిత్తి లెక్క తెలిస్తే సగం ఫైనాన్స్ వచ్చినట్టే: హనుమకొండలో ఉండి సీఏ ఇంటర్ ఎఫ్‌ఎం చదవడం ఎలా

సీఏ ఇంటర్ మొదటిసారి రాసినప్పుడు పేపర్ 6లో, అంటే ఫైనాన్షియల్ మేనేజ్‌మెంట్ (ఎఫ్‌ఎం) ఉన్న పేపర్‌లో, నాకు వందకు 34 వచ్చాయి. ఫార్ములాలు రావా అంటే అన్నీ వచ్చు. నక్కలగుట్టలో నేనున్న రూమ్ గోడ నిండా అంటించి ఉండేవి. ఎక్కడ పోయిందో అర్థం కాక, ఫీజు కట్టి నా జవాబు పత్రం నకలు తెప్పించుకున్నాను. చూస్తే, క్యాపిటల్ బడ్జెటింగ్ లెక్కలో, అంటే ఒక పెద్ద పెట్టుబడి పెట్టాలా వద్దా అని తేల్చే లెక్కలో, నగదు రాబడి పెట్టాల్సిన చోట లాభం పెట్టాను. చాలదన్నట్టు అందులోంచి లోన్ వడ్డీ కూడా తీసేశాను. కూడికలన్నీ కరెక్టే, ఎన్‌పీవీ (రాబోయే నగదు ఇవాళ్టి విలువలోంచి పెట్టుబడి తీసేస్తే మిగిలేది) ఫార్ములా కూడా కరెక్టే. అది ఏ ప్రశ్నకు జవాబో మాత్రం నాకు తెలియదు.

రెండోసారి వేరేగా చదివాను. ఆ పద్ధతే ఇక్కడ రాస్తున్నాను. సీఏ ఇంటర్ పేరుతో చెబుతున్నా, సీఎంఏ (కాస్ట్ అకౌంటెంట్ కోర్సు) ఇంటర్‌లో పేపర్ 11 రాసేవాళ్లకూ ఇందులో చాలా భాగం పనికొస్తుంది. ఎఫ్‌ఎం అధ్యాయాలు దాదాపు అవే.

ముందు పేపర్ సంగతి

కొత్త స్కీమ్‌లో గ్రూప్ 2 చివరి పేపర్ ఇది. ఫైనాన్షియల్ మేనేజ్‌మెంట్‌కు 50, స్ట్రాటజిక్ మేనేజ్‌మెంట్‌కు (ఎస్‌ఎం) 50. ఎఫ్‌ఎం 50లో 15 మార్కులు బహుళైచ్ఛిక ప్రశ్నలకు, 35 రాతకు. రెండు భాగాలూ కలిపి కనీసం 40 రావాలి, గ్రూప్ మొత్తంలో 300కు 150 రావాలి. ఈ రెండో షరతును చాలామంది మర్చిపోతారు. ప్రతి పేపర్‌లో 42, 43 తెచ్చుకుని ఫెయిలైనవాళ్లు మా బ్యాచ్‌లోనే నలుగురు ఉన్నారు. ఈ పేపర్‌లో 60 వస్తే, గ్రూప్ పోయినా దీన్ని వెంటనే మళ్లీ రాయనక్కర్లేకుండా మినహాయింపు వస్తుంది కాబట్టి గురి అక్కడ పెట్టండి. 2024 నుంచి ఇంటర్ పరీక్షలు ఏడాదికి మూడుసార్లు జరుగుతున్నాయి. జనవరి, మే, సెప్టెంబర్. ఒకటి పోతే ఏడాది పోయినట్టు కాదు, అలాగని "వచ్చేసారి చూద్దాంలే" అనుకోవడమూ అంతే తేలికైపోయింది.

పుస్తకాల కోసం హైదరాబాద్ పరుగెత్తనక్కర్లేదు. సీఏ పరీక్షలు నడిపే సంస్థ ఐసీఏఐ స్టడీ మెటీరియల్, రివిజన్ టెస్ట్ పేపర్లు, మాక్ టెస్టులు, పాత పరీక్షల జవాబులు అన్నీ వాళ్ల వెబ్‌సైట్‌లో ఉచితంగా దొరుకుతాయి. స్టడీ మెటీరియల్ ఒక్కటి ప్రింట్ తీయించుకోండి. మిగతావి ఫోన్‌లో చూసినా నడుస్తుంది. నేను మొదటిసారి మూడు పబ్లిషర్ల పుస్తకాలు కొన్నాను. మూడింటిలోనూ నాలుగో అధ్యాయం దాటలేదు.

మొదటి వారం: పుస్తకం పక్కన పెట్టి మిత్తి లెక్కలు చేయండి

మన ఇళ్లలో వడ్డీ శాతాల్లో చెప్పరు. "రెండు రూపాయల మిత్తికి తెచ్చిన" అంటారు, అంటే నూటికి నెలకు 2 రూపాయలు. ఇది తెలిసినవాడికి టైమ్ వాల్యూ ఆఫ్ మనీ సగం వచ్చినట్టే. నెలకు 2 అంటే ఏడాదికి 24 శాతం. కట్టని మిత్తి అసల్లో కలుస్తూ పోతే 1.02ని పన్నెండుసార్లు గుణించాలి, 1.2682 వస్తుంది. అంటే నిజంగా పడే రేటు 26.82 శాతం. పుస్తకం దీన్నే ఎఫెక్టివ్ రేట్ అంటుంది. ఈ లెక్క కాలిక్యులేటర్ మీద మీ చేత్తో చేసి చూడండి.

తర్వాత దాన్నే తిరగేయండి. ఏడాది తర్వాత వచ్చే 100 రూపాయలు 12 శాతం దగ్గర ఇవాళ ఎంతకు సమానం? 100ను 1.12తో భాగిస్తే 89.29. డిస్కౌంటింగ్ అంటే ఇంతే, మిత్తిని వెనక్కి నడపడం.

ఇంట్లో చిట్టీ పుస్తకం ఉంటే ఇంకా మంచిది. ఒక కాగితం మీద నెలల వారీగా కట్టింది మైనస్, ఎత్తింది ప్లస్ అని రాయండి. మొదటి నెలే పాడుకున్నవాడికి చిట్టీ అప్పు. చివరి నెల దాకా ఆగినవాడికి అది పొదుపు. ఎక్సెల్‌లో ఐఆర్ఆర్ (కట్టినదీ ఎత్తినదీ ఇవాళ్టి విలువలో సరిసమానమయ్యే రేటు) ఫంక్షన్ పెడితే నెలకు ఎన్ని రూపాయల మిత్తి పడిందో వచ్చేస్తుంది. మీ అమ్మకు చూపించండి, ఆమెకు మీ చదువు మీద మొదటిసారి నమ్మకం కలగవచ్చు. చిట్టీ నడిపే ఫోర్‌మన్ కమీషన్ కూడా ఆ అంకెల్లోనే కలిసి ఉంటుంది. 2019 సవరణతో చిట్ ఫండ్ చట్టం దాని పరిమితిని 5 నుంచి 7 శాతానికి పెంచింది.

ఇప్పుడు ఐదో నెల ఎత్తినవాడి వరుస చూడండి. నాలుగు మైనస్‌లు, ఒక పెద్ద ప్లస్, మళ్లీ మైనస్‌లు. గుర్తు రెండుసార్లు మారింది. ఇలాంటి చోట ఐఆర్ఆర్ ఒకటి కాక రెండు రావచ్చని పుస్తకంలో "పరిమితులు" అనే శీర్షిక కింద ఒక వాక్యం ఉంటుంది. అందరూ దాన్ని బట్టీ పడతారు. చిట్టీ కాగితం మీద చూసినవాడికి బట్టీ పట్టే పనే లేదు.

అధ్యాయాల వరుస మార్చండి

స్టడీ మెటీరియల్ ఎఫ్‌ఎం పరిధి, నిధుల రకాలు, నిష్పత్తులు, ఆ తర్వాత కాస్ట్ ఆఫ్ క్యాపిటల్ (పెట్టుబడిగా పెట్టిన డబ్బుకు పడే ఖర్చు) అనే వరుసలో నడుస్తుంది. ఆ వరుసలో వెళితే మొదటి రెండు వారాలు థియరీతోనే పోతాయి, విసుగు పుడుతుంది. నేను కాస్ట్ ఆఫ్ క్యాపిటల్‌తో మొదలుపెట్టి నేరుగా ఇన్వెస్ట్‌మెంట్ డెసిషన్స్‌కు వెళ్లాను. తర్వాత లెవరేజ్, దాని వెంటే క్యాపిటల్ స్ట్రక్చర్ (సొంతం ఎంత, అప్పు ఎంత అనే పాళ్లు), ఆ తర్వాత నిష్పత్తులు, వర్కింగ్ క్యాపిటల్. డివిడెండ్ చివర్లో. నిధుల రకాల అధ్యాయాన్ని విడిగా ఒక బైఠక్‌లో చదవకండి. రోజూ లెక్కలయ్యాక రెండు పేజీలు చాలు.

కాస్ట్ ఆఫ్ క్యాపిటల్: సొంత పైసలకు మిత్తి ఎక్కడిది?

మా బాపుది నర్సంపేటలో ఎరువుల దుకాణం. నేను ఈక్విటీ (యజమానులు పెట్టిన సొంత డబ్బు) ఖర్చు గురించి చదువుతుంటే విని నవ్విండు.

"సొంత పైసలకు మిత్తేందిరా? బ్యాంకుకు కట్టేది మిత్తి. నాది నేను పెట్టుకున్నదానికి ఎవరికి కట్టాలె?"

"బాపూ, దుకాణంల నువ్వు పెట్టిన 10 లక్షలు బయట తిప్పితే నెలకెంత వస్తయి?"

"రూపాయిన్నరకు ఇచ్చినా పదిహేను వేలు."

"మరి దుకాణంల పెట్టినవు గదా. ఆ పదిహేను వేలు ఎవరు ఇచ్చిన్రు?"

బాపు కాసేపు ఏం మాట్లాడలేదు. కళ్లద్దాలు తీసి తుడుచుకుంటూ, "అంటే దుకాణం నాకు బాకీ ఉన్నదన్నట్టు" అన్నాడు. ఈక్విటీ ఖర్చుకు ఇంతకంటే మంచి నిర్వచనం నాకు ఏ పుస్తకంలో దొరకలేదు. సంవత్సరానికి 18 శాతం ఆయన వదులుకున్నాడు, కాబట్టి ఆ దుకాణంలో సొంత డబ్బు ఖర్చు 18 శాతం. లాభాలు పంచకుండా దాచుకున్న డబ్బు, అంటే రిటెయిన్డ్ ఎర్నింగ్స్ కూడా ఉచితం కాదని ఇక్కడే అర్థమైపోవాలి.

ఇక లోన్. 12 శాతం వడ్డీ కడుతున్నాం, పన్ను 25 శాతం అనుకుందాం. వడ్డీ ఖర్చుగా చూపితే పన్ను తగ్గుతుంది కాబట్టి నిజంగా పడేది 12లో 75 శాతం, అంటే 9. మొత్తం పెట్టుబడిలో 60 శాతం సొంతం, 40 శాతం అప్పు అయితే 0.60 × 18 = 10.8, 0.40 × 9 = 3.6, కలిపి 14.4 శాతం. సగటు ఖర్చు వచ్చేసింది. ఒక మెలిక ఉంది. లాభం వచ్చి పన్ను కట్టే ఏడాదే ఆ పొదుపు దొరుకుతుంది. ప్రశ్నలో కంపెనీ నష్టంలో ఉందని ఇస్తే 9 అని గుడ్డిగా రాయకండి.

సొంత డబ్బు అప్పు కంటే ఎందుకు ఖరీదైనది అని అడిగితే, పంట పోయిన ఏడాదిని గుర్తు తెచ్చుకోండి. బ్యాంకు కిస్తీ ఆగదు. ఆగేది బాపు చేతికి మిగిలేదే. వరుసలో చివర నిలబడేవాడు ఎక్కువ అడుగుతాడు. గోర్డన్ పద్ధతి, సీఏపీఎం (క్యాపిటల్ అసెట్ ప్రైసింగ్ మోడల్) రెండూ ఆ "ఎక్కువ" ఎంతో చెప్పే రెండు దారులు. రిస్క్ లేని రేటు, బీటా (మార్కెట్‌తో పోలిస్తే షేరు ఎంత ఊగుతుందో చెప్పే అంకె), మార్కెట్ రాబడి ఇచ్చారంటే సీఏపీఎం. డివిడెండ్, ధర, పెరుగుదల ఇచ్చారంటే గోర్డన్. అక్కడ డివిడెండ్‌ను ధరతో భాగించేటప్పుడు గీత పైన ఉండాల్సింది వచ్చే ఏడాది డివిడెండ్. "ఇప్పుడే చెల్లించిన" అని ప్రశ్నలో ఉంటే ముందు దాన్ని పెరుగుదలతో పెంచుకోవాలి. రెండు మార్కులు ఎప్పుడూ ఇక్కడే పోతాయి.

క్యాపిటల్ బడ్జెటింగ్: ఒకే లెక్క, చివరి దాకా

నేను బోల్తా పడింది ఇక్కడే కాబట్టి ఇక్కడ కాస్త ఎక్కువసేపు ఆగుతాను. ఒక బియ్యం మిల్లు అనుకోండి. మన వైపు అవి ఎక్కడ చూసినా ఉంటాయి. రంగు మారిన గింజలు ఏరే సార్టెక్స్ మిషన్ కొనాలా వద్దా అని ఓనర్ ఆలోచిస్తున్నాడు. ఈ అంకెలు నేను వేసుకున్నవి. మిషన్ 40 లక్షలు, ఐదేళ్ల తర్వాత విలువ సున్నా. దానివల్ల ఏడాదికి అదనంగా 14 లక్షలు మిగులుతాయి, తరుగుదల, పన్ను తీయకముందు. పన్ను 25 శాతం, డిస్కౌంట్ రేటు 12 శాతం.

తరుగుదల ఏడాదికి 8 లక్షలు. 14లోంచి 8 తీస్తే 6. పన్ను 1.5. పన్ను పోగా లాభం 4.5. నేను మొదటిసారి ఆగింది ఈ 4.5 దగ్గరే. ఐదేళ్ల యాన్యుటీ ఫ్యాక్టర్ (ఐదేళ్లు ఏటా వచ్చే ఒక రూపాయి ఇవాళ్టి విలువ) 3.605తో గుణిస్తే 16.2 లక్షలు వస్తుంది. 40 పెట్టి 16 తెచ్చుకోవడమా, వద్దు అని రాశాను. మిల్లు ఓనర్ వింటే నవ్వేవాడు. తరుగుదల పేరుతో ఆ 8 లక్షలు ఎవరి జేబులోకి పోయాయి? ఎక్కడికీ పోలేదు, గల్లాలోనే ఉన్నాయి. తరుగుదల పుస్తకంలో రాసుకునే ఖర్చు, దాని పని పన్ను తగ్గించడం వరకే. 8 తిరిగి కలిపితే ఏడాదికి 12.5 లక్షల నగదు. 12.5 × 3.605 = 45.06. అందులోంచి 40 తీస్తే ఎన్‌పీవీ 5.06 లక్షలు. మిషన్ కొనాలి.

మరి లోన్ వడ్డీ? లెక్కలో కలపకూడదు. 12 శాతంతో డిస్కౌంట్ చేశామంటే డబ్బు పెట్టినవాళ్లందరి మిత్తీ అప్పటికే తీసేశాం. మళ్లీ వడ్డీ తీస్తే ఒకే ఖర్చు రెండుసార్లు పడుతుంది. ప్రశ్నలో వడ్డీ అంకె కావాలని ఇస్తారు, ఉచ్చు అది.

ఇదే లెక్క నుంచి మిగతావీ లాగండి. పేబ్యాక్, అంటే పెట్టింది తిరిగొచ్చే కాలం, 40 ÷ 12.5 = 3.2 ఏళ్లు. విచిత్రమేమంటే ఈ 3.2 ఐఆర్ఆర్‌కూ పనికొస్తుంది. యాన్యుటీ పట్టికలో ఐదేళ్ల వరుసలో 3.2 ఎక్కడుందో చూడండి. 16 శాతం దగ్గర 3.274, 17 దగ్గర 3.199. అంటే ఐఆర్ఆర్ దాదాపు 17. ప్రాఫిటబిలిటీ ఇండెక్స్ 45.06 ÷ 40, అంటే 1.13. ఒక్క మిషన్‌తో అధ్యాయం మొత్తం అయిపోయింది. ఇక మీరు మార్చాల్సింది పరిస్థితులే. పాత మిషన్ అమ్మితే? మధ్యలో వర్కింగ్ క్యాపిటల్ పెడితే? చివర్లో తుక్కు ధర వస్తే? ఒక్కో మార్పుకూ ఒకసారి మొత్తం లెక్క చేయండి.

కాలిక్యులేటర్ కిటుకు ఒకటి. 12 అంకెల మామూలు కాలిక్యులేటర్‌లో 1 ÷ 1.12 నొక్కి, సమానం గుర్తును ఐదుసార్లు నొక్కండి. ఒక్కో నొక్కుకు ఒక్కో ఏడాది ఫ్యాక్టర్ వస్తుంది. తర్వాత జీటీ (గ్రాండ్ టోటల్) నొక్కితే ఐదింటి మొత్తం 3.6048. కొన్ని మోడళ్లలో 1.12 ÷ ÷ 1 అని నొక్కాలి. మీది ఏ రకమో ఇంట్లోనే తేల్చుకోండి, పరీక్ష ముందు రోజు కొత్త కాలిక్యులేటర్ కొనకండి. చౌరస్తాలో కొన్న కొత్తదానితో హాల్‌లో కూర్చుని జీటీ బటన్ వెతుక్కున్న అనుభవం నాది.

లెవరేజ్: రెండు మిల్లులు, ఒక కరువు

పక్కపక్కన రెండు మిల్లులు. రెండింటికీ వడ్డీకి ముందు లాభం 20 లక్షలు. మొదటిది పూర్తిగా సొంత డబ్బు. రెండోది ఏటా 8 లక్షలు వడ్డీ కడుతుంది, మిగిలేది 12. వానలు పడలేదు, వడ్లు రాలేదు, లాభం 30 శాతం పడి 14కు దిగింది. మొదటి మిల్లుకు 30 శాతమే తగ్గింది. రెండో మిల్లుకు 14 మైనస్ 8, మిగిలింది 6, అంటే సగం పోయింది. ఫైనాన్షియల్ లెవరేజ్ 20 ÷ 12 = 1.67. దాన్ని 30తో గుణించండి, 50 వస్తుంది. మంచి ఏడాది ఇదే గుణకం పైకి లాగుతుంది. ఈ బొమ్మ మనసులో ఉంటే ఆపరేటింగ్ లెవరేజ్‌ను వడ్డీ బదులు స్థిర ఖర్చులతో మీరే కట్టుకోగలరు.

దీని వెనకే క్యాపిటల్ స్ట్రక్చర్ సిద్ధాంతాలు వస్తాయి. మోదిగ్లియాని, మిల్లర్ (ఎంఎం) అనే ఇద్దరు అర్థశాస్త్రవేత్తలు 1958లో చెప్పింది ఒక బేరగాడి కథ. ఒకే లాభం వచ్చే రెండు కంపెనీల్లో ఒకదానికి అప్పు ఉండి, ఇంకోదానికి లేక, మార్కెట్‌లో అప్పున్నదాని ధర ఎక్కువగా ఉంటే, తెలివైనవాడు ఖరీదైనదాని షేర్లు అమ్మి, తనే అప్పు చేసి, చవకదాన్ని కొంటాడు. అందరూ అదే చేస్తే ధరలు సమానమవుతాయి. పన్ను లెక్కలోకి తెచ్చి 1963లో వాళ్లే సవరించుకున్నారు, అప్పుకు పన్ను లాభం ఉంది కాబట్టి విలువ పెరుగుతుందని. ఆ బేరగాడి ముందు చేతిలో ఎంత, తర్వాత ఎంత అని రెండు నిలువు వరుసల్లో రాయడం నేర్చుకుంటే ఆర్బిట్రేజ్ లెక్క ఎప్పుడొచ్చినా మార్కులు మీవే.

డివిడెండ్ అధ్యాయంలో వాల్టర్, గోర్డన్, మళ్లీ ఎంఎం, లింట్‌నర్. నిజం చెప్పాలంటే ఇక్కడ నేను ఎక్కువ సమయం పెట్టలేదు. సంస్థ సంపాదించే రేటు వాటాదారు కోరే రేటు కంటే ఎక్కువైతే డబ్బు సంస్థలోనే ఉంచాలి, తక్కువైతే పంచేయాలి. వాల్టర్ మొత్తం ఇదే. రెండు రోజులు చాలు.

నిధులు: నాలుగు ప్రశ్నలు అడగండి

ఈక్విటీ, ప్రిఫరెన్స్, డిబెంచర్, టర్మ్ లోన్, లీజు, వెంచర్ క్యాపిటల్, కమర్షియల్ పేపర్, ఫ్యాక్టరింగ్. జాబితా పొడుగు, బట్టీ పడితే మూడో రోజుకే ఉండదు. ప్రతిదానికీ నాలుగే అడగండి. ఎవరిస్తున్నారు? ఎన్నాళ్లకు? తాకట్టేమిటి? నష్టం వస్తే ముందు ఎవరు మునుగుతారు?

సింగరేణిని తీసుకోండి. 51 శాతం రాష్ట్ర ప్రభుత్వానిది, 49 శాతం కేంద్రానిది. ఇద్దరూ వాటాదారులు, తాకట్టు లేదు, గడువు లేదు. ఈక్విటీ. ఇక్కడో చిక్కు ప్రశ్న. దసరాకు కార్మికులకు ఇచ్చే లాభాల వాటా డివిడెండా? కాదు. డివిడెండ్ వాటాదారులకు, అంటే ఆ రెండు ప్రభుత్వాలకు పోయేది. గోదావరిఖని నుంచి వచ్చిన మా రూమ్మేట్ దీని మీద నాతో రెండు గంటలు వాదించి ఓడిపోయాడు, ఇప్పటికీ ఒప్పుకోడు. జీహెచ్‌ఎంసీ 2018లో 200 కోట్ల బాండ్లు ఇచ్చింది. గడువుంది, నిర్ణీత వడ్డీ ఉంది, కొన్నవాళ్లకు యాజమాన్యం లేదు. అప్పు. కమర్షియల్ పేపర్ అంటే పేరున్న కంపెనీ ఏ తాకట్టూ లేకుండా ఏడాదిలోపు గడువుకు రాసిచ్చే ప్రామిసరీ నోటు. ముద్ర లోన్‌లో శిశు 50 వేల దాకా, కిశోర్ 5 లక్షల దాకా, తరుణ్ 10 లక్షల దాకా. ఇది మీ సిలబస్‌లో ముఖ్యం కాకపోవచ్చు, ఆర్టికల్‌షిప్‌లో (సీఏ దగ్గర చేసే శిక్షణలో) మొదటి వారమే ఎదురవుతుంది.

ఒక్క నియమం మాత్రం గట్టిగా పట్టుకోండి. పొడుగు ఆస్తికి పొడుగు డబ్బు, పొట్టి అవసరానికి పొట్టి డబ్బు. మా దగ్గర ఒకాయన క్యాష్ క్రెడిట్ లిమిట్ (సరుకు కొనడానికి బ్యాంకు ఇచ్చే పొట్టి అప్పు) వాడి గోదాం కట్టాడు. పత్తి సీజన్ వచ్చేసరికి సరుకు కొనడానికి లిమిట్‌లో రూపాయి లేదు. గోదాం ఉంది, నింపడానికి పత్తి లేదు.

వర్కింగ్ క్యాపిటల్: ఎనుమాములకు ఒక పొద్దున వెళ్లండి

పుస్తకంలో ఆపరేటింగ్ సైకిల్ బొమ్మ వలయంలా ఉంటుంది. దాన్ని కాళ్లతో నడిచి చూడాలంటే పత్తి లేదా మిర్చి సీజన్‌లో ఒక ఉదయం ఎనుమాముల మార్కెట్ యార్డుకు వెళ్లండి. బస్తాలు దిగుతాయి, కాంటా అవుతుంది, తక్‌పట్టీ (తూకం, ధర చీటీ) రాస్తారు. పత్తి కొన్న జిన్నింగ్ మిల్లు దాన్ని ఆడించి, దూది బేళ్లు కట్టి, అమ్మి, పైసలు రాబట్టుకునే దాకా డబ్బు ఇరుక్కుని ఉంటుంది. ముడిసరుకు ఉన్న రోజులు, తయారీ రోజులు, తయారైన సరుకు రోజులు, ఉద్దెర వసూలు రోజులు కలిపి, అందులోంచి మనం ఉద్దెర పెట్టిన రోజులు తీసేస్తే సైకిల్. పత్తి మిల్లుకు అక్టోబర్ నుంచి జనవరి దాకా కావాల్సిన డబ్బు, జూన్‌లో అక్కర్లేదు. శాశ్వత, తాత్కాలిక వర్కింగ్ క్యాపిటల్ అనే మాటలు అక్కడ నిలబడితే కంటికి కనిపిస్తాయి.

ఉద్దెర ఉచితం కాదని తేల్చే లెక్క ఒకటి చేయండి. బిల్లు లక్ష. పది రోజుల్లో కడితే 2 శాతం తగ్గింపు, లేకపోతే 30 రోజులకు పూర్తిగా. తగ్గింపు వదులుకుంటే 98 వేలను 20 రోజులు వాడుకున్నందుకు 2 వేలు కట్టినట్టు. 2 ÷ 98 × 365 ÷ 20, సంవత్సరానికి 37.24 శాతం. మూడు రూపాయల మిత్తి కంటే పైనే. బ్యాంకులో 12 శాతానికి ఓడీ (ఓవర్‌డ్రాఫ్ట్) తీసి పదో రోజే కట్టేయడం నయం. బాపుకు ఈ లెక్క చూపించాక ఆయన బిల్లుల ఫైలు రెండుగా చేశాడు, తగ్గింపు ఉన్నవి ఒకవైపు, లేనివి ఒకవైపు.

బ్యాంకు ఎంతిస్తుందో చెప్పే పద్ధతులు కూడా ఇక్కడివే. టాండన్ కమిటీ మొదటి పద్ధతిలో కరెంట్ అసెట్స్ 100, బ్యాంకు కాని కరెంట్ లయబిలిటీస్ (ఏడాదిలోపు తీర్చాల్సిన అప్పులు) 40 అయితే తేడా 60లో 75 శాతం, 45. రెండో పద్ధతిలో 100లో 75 శాతం మైనస్ 40, 35. చిన్న సంస్థలకు నాయక్ కమిటీ టర్నోవర్ పద్ధతి. అంచనా అమ్మకాలు 2 కోట్లైతే నాలుగో వంతు, 50 లక్షలు వర్కింగ్ క్యాపిటల్, అందులో బ్యాంకు 40, సొంతం 10.

తెలుగులో ఆలోచించి ఇంగ్లిష్‌లో రాయడం

పరీక్ష ఇంగ్లిష్ లేదా హిందీలోనే రాయాలి. నేను పదో తరగతి దాకా తెలుగు మీడియం. లెక్కలు వచ్చేవి, "కామెంట్ చేయండి" అన్నచోట పెన్ను ఆగిపోయేది. దీనికి నేను చేసింది ఒక్కటే. ప్రతి లెక్క చివర, మిల్లు ఓనర్‌కు ఫోన్‌లో ఏం చెబుతానో తెలుగులో రాసుకున్నాను, కొనమనా, వద్దనా, ఎందుకు. దాని కింద అదే మాట మూడు చిన్న ఇంగ్లిష్ వాక్యాల్లో. గొప్ప ఇంగ్లిష్ అక్కర్లేదు. కర్త, క్రియ, కారణం ఉంటే చాలు. నలభై లెక్కలయ్యేసరికి పెన్ను ఆగడం మానేసింది.

మొదటిసారి మెటీరియల్ మొత్తం చేయడానికి రోజుకు రెండున్నర గంటల చొప్పున రెండు నెలలు పెట్టుకోండి. తర్వాత తప్పుల నోటు ఒకటి. అందులో తప్పు చేసిన లెక్క అంతా ఎత్తి రాయకండి. ఎక్కడ జారానో ఒక్క వరుస. "తరుగుదల తిరిగి కలపలేదు." "ఇప్పుడే ఇచ్చిన డివిడెండ్‌ను పెంచలేదు." "నెలల వడ్డీని ఏడాదిగా చదివాను." నా నోటు పదకొండు పేజీలైంది. కాజీపేటలో రైలెక్కి సికింద్రాబాద్ దిగేలోపు మొత్తం రెండుసార్లు చదవొచ్చు. చివరి మూడు వారాలు పాత పరీక్షలు, రివిజన్ టెస్ట్ పేపర్లు మాత్రమే, గడియారం పెట్టుకుని. జవాబు చూసి "ఇది నాకు తెలుసు" అనుకున్న లెక్క చేసినట్టు కాదు. కాగితం మీద చివరి గీత గీసినదే లెక్క.

హాల్‌లో

చదువుకోవడానికిచ్చే పదిహేను నిమిషాల్లో ఎఫ్‌ఎం లెక్కలు మాత్రమే చూడండి, ఏది ముందు చేయాలో పెన్సిల్ గుర్తు మనసులో పెట్టుకోండి. 180 నిమిషాల్లో ఎఫ్‌ఎంకు 100, ఎస్‌ఎంకు 80 నాకు సరిపోయింది. లెక్క తేలకపోయినా కొట్టేయకండి. వర్కింగ్ నోట్స్‌కు మార్కులుంటాయి, ప్రతి నోట్‌కు నంబర్ వేయండి. ప్రశ్నలో ఏదైనా ఇవ్వకపోతే "ఇలా అనుకున్నాను" అని ఒక వరుస రాసి ముందుకు పోండి. బ్యాలెన్స్ షీట్ కట్టే నిష్పత్తుల లెక్క టాలీ కాకపోతే ఐదు నిమిషాల కంటే ఎక్కువ వెతకకండి. రెండోసారి నేను అలాంటిదాన్ని 4,000 తేడాతో వదిలేసి వచ్చాను. ఆ పేపర్‌లో 63 వచ్చాయి.